పొయ్యి కాడ ఆరిన బూట్లు

"ఎవరికమ్మా, మీ ఆయనకా?" అని అడిగాడు లక్ష్మీకాంతం, డబ్బా మీది దుమ్మును గుడ్డతో దులుపుతూ. మొగులమ్మ తలూపింది. ఊపిన తర్వాత గానీ తానొక అబద్ధం ఆడినట్టు ఆమెకు తట్టలేదు.

పటాన్‌చెరు బజారులో ఆ దుకాణం ఫ్యాక్టరీ సామాన్లది. గోడ నిండా పసుపుపచ్చ హెల్మెట్లు, రబ్బరు గ్లౌజులు, ముక్కుకు కట్టుకునే గుడ్డలు. లోపలి అల్మారాలో మాత్రం మోటారు సైకిల్ మీద దూరం తిరిగేవాళ్ళ కోసం తోలు బూట్లు కొన్ని జతలుంటాయి. కూరగాయలకు వచ్చినప్పుడల్లా మొగులమ్మ వాటిని రోడ్డు మీది నుంచే చూసి పోయేది. ఆ రోజు ఎందుకో కాళ్ళు మెట్లెక్కాయి.

"సైజెంత?"

"ఆయన కాలు నా కాలంతనే ఉంటది."

అనేశాక గానీ గుర్తుకు రాలేదు. భర్త చిన్నరాములు కాలు ఇప్పుడు ఎవరి కాలంతా లేదు. బండికి గేరు వేసే ఆ కాలికి వేళ్ళు లేవు, చీలమండ దగ్గర ఎముక అతికీ అతకనట్టుంది. అటువంటి మనిషి పేరు చెప్పి తన కాళ్ళకు బూట్లు చూసుకుంటోంది. లక్ష్మీకాంతం ఆమె కాళ్ళ వైపు చూశాడు. పట్టీ తెగితే పిన్నీసు పెట్టిన చెప్పులు, పిక్క మీద సైలెన్సరు తగిలి కాలిన మచ్చ. స్టూలు ముందుకు జరిపాడు.

"అట్లయితే నువ్వే ఏసి సూడమ్మ."

ఎన్నో ఏళ్ళు బూట్లు తుడిచిన చేతులు ఆమెవి. తోలు వాసన, లోపలి చెమట వాసన, అడుగున చేరే ఇసుక, అన్నీ ఆ చేతులకు తెలుసు. బూటు లోపల కాలు పెడితే ఎట్లా ఉంటుందో మాత్రం తెలియదు. మొదటి జత బొటనవేలిని నొక్కింది. రెండోదాంట్లో నడుస్తుంటే మడమ లేచి పడుతోంది. మూడోది నల్లది, చీలమండ దాటి పైకి వచ్చేది. లేసులు బండికి తట్టుకోకుండా వాటి మీద తోలు పట్టీ ఒకటి కప్పుకుంటుంది. అది వేసుకుని లేచి నిలబడితే ఎవరో రెండు చేతులతో పాదాన్ని పట్టుకున్నట్టనిపించింది. ఆ పట్టు బాగుంది. బాగుందనుకోవడమే తప్పులా తోచి వెంటనే కూర్చుని లేసులు విప్పేసింది.

"కొత్త తోలు గద, జెర కరుస్తది. రోడ్డు మీదికి పోకముందు కొన్ని దినాలు ఇంట్లనే ఏసుకొని తిరగమను," అని కాస్త ఆగి, "మీ ఆయనను" అన్నాడు లక్ష్మీకాంతం.

ఇంటికి వచ్చి ఆ డబ్బాను వంట కొట్టంలో బియ్యం బస్తాల వెనక దాచింది.

చిట్కుల్‌లో వాళ్ళ ఇంటి ముందరి రేకుల కొట్టాన్ని అందరూ చిన్నరాములు మెస్సు అంటారు. కాజీపల్లి, జిన్నారం దిక్కు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఒంటరి మగవాళ్ళకు అక్కడి నుంచే క్యారేజీలు వెళ్తాయి. బియ్యంలో రాళ్ళేరేది, పప్పు ఉడికించేది, పొగకు కళ్ళు తుడుచుకుంటూ రొట్టెలు కాల్చేది, తిరిగొచ్చిన జిడ్డు గిన్నెలు తోమేది మొగులమ్మ. రాజ్‌దూత్ బండికి రెండు పక్కలా క్యారేజీలు తగిలించుకుని పోయి ఇచ్చి వచ్చేవాడు చిన్నరాములు. పేరు మాత్రం బండిదే అయింది, పొయ్యిది కాలేదు. "నా కొడుకు ఎండకు వానకు తిరిగి కష్టపడుతుండు" అనేది అత్త బక్కమ్మ, కోడలు నీడపట్టున కూర్చుని తింటున్నట్టు. పొయ్యి ముందు ఉన్నది నీడే కదా అని మొగులమ్మ కూడా అనుకునేది.

చిన్నరాములుకు తన తోలు బూట్లంటే ప్రాణం. సాయంత్రం రాగానే మంచం మీద కూర్చుని కాళ్ళు చాపేవాడు. ఆమె లేసులు విప్పి, మడమ పట్టుకుని లాగేది. బురదను తడిగుడ్డతో తుడవాలి, గీకొద్దు. లోపల పేపర్లు ఉండచుట్టి కుక్కాలి. నీడలో, గాలి తగిలేచోట ఆరబెట్టాలి. ఆరాకే పాలిష్. వానకాలం వస్తే కుట్ల మీద మైనం రుద్దాలి. ఇవన్నీ ఆయనే నేర్పాడు. "పొయ్యి కాడ మాత్రం పెట్టకే, తోలు పలుగుతది" అని మరీ మరీ చెప్పేవాడు. మొదట్లో ఆమెకు అది చాకిరీ అనిపించేది. తర్వాత్తర్వాత ఏమీ అనిపించడం మానేసింది.

రెండేళ్ళ కింద వానలకు ముసురు పట్టి బూట్లు ఎంతకీ ఆరలేదు. ఒక సాయంత్రం వంటయ్యాక, నిప్పులు ఇంకా వెచ్చగా ఉండగా, ఆమె వాటిని తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. తెల్లారి హడావుడిగా క్యారేజీలు సర్ది ఇచ్చి వెనక్కి తిరిగి చూస్తే బూట్లు గుమ్మం దగ్గరున్నాయి, బండి శబ్దం అప్పటికే గల్లీ దాటిపోయింది. ఆయన చెప్పులతో వెళ్ళాడు. ఆమె గబగబా బూటు తీసి చూసింది. వేళ్ళు వంగే చోట తోలు మీద గీత, పలిగినట్టు. కాజీపల్లి మలుపులో రోడ్డుకు అడ్డంగా పారే ఫ్యాక్టరీ నీళ్ళలో ఆ పొద్దున బండి జారింది. కాలు కిందపడి, బండి దాన్ని అట్లాగే ఈడ్చుకుపోయింది.

"బూట్లుంటే వేళ్ళు దక్కేవి" అన్నాడు డాక్టరు. దవాఖాన వరండాలో చుట్టాలందరి ముందూ బక్కమ్మ తల కొట్టుకుంటూ, "పోరగానికి ఉన్న ఒక్క జత పొయ్యిల పెట్టి కాల్సింది. లేకుంటే నా కొడుకు చెప్పులేసుకొని ఎందుకు పోతుండె" అంది. పొయ్యి పక్కన అన్నది పొయ్యిలో అయింది. మొగులమ్మ దాన్ని సరిదిద్దలేదు. పక్కనైనా లోపలైనా కాలు పోయింది ఆయనది. పెట్టిన చేయి తనది.

ఆ రోజు నుంచి ఆమె ఎదురు మాట్లాడటం మానేసింది. అంతకు ముందు మాట్లాడేది. కూరలో ఉప్పు గురించో, పుట్టింటికి పోవడం గురించో గట్టిగానే అనేది. ఇప్పుడు ఆయన చిరాకులో కంచం విసిరితే చెదిరిన మెతుకులు ఏరి, మళ్ళీ వడ్డించేది. చెల్లెలి పెళ్ళికి పోయి తాళి పడగానే తిరిగొచ్చేసింది, అక్కడ అన్నం ముట్టలేదు. కట్టు విప్పి కాలు కడుగుతున్నప్పుడు ఆయన నొప్పితో బూతులు తిడితే, తిట్టనీ అనుకునేది. తిట్టిన రోజు కాస్త తేలికగా కూడా ఉండేది. ఆయన ఏమీ అనకుండా కప్పు వైపు చూస్తూ పడుకున్న రోజులే కష్టంగా గడిచేవి. అప్పుడు తిట్టవలసిన మాటలన్నీ ఆమె తనకు తానే అనుకోవలసి వచ్చేది.

బండి నడపడం ఆయనే నేర్పించాడు. కొన్నాళ్ళు చుట్టం ఒకాయన క్యారేజీలు తీసుకుపోయి, చెప్పాపెట్టకుండా మానేశాడు. ఇంటి వెనక ఖాళీ జాగాలో చిన్నరాములు మంచం వేయించుకుని కూర్చున్నాడు. ఆమె చెల్లెలి పంజాబీ డ్రెస్సు వేసుకుని బండెక్కింది.

"క్లచ్చు మెల్లగ ఇడువు. గట్ల ఎగిరిస్తే పప్పు రోడ్డు మీద పోసినట్టే. ఇగో, బండిని సూడకు, ముందర సూడు."

ఊరంతా నవ్వింది, తర్వాత అలవాటుపడింది. బక్కమ్మ ఒక్కతే అలవాటుపడలేదు. "మొగని కాలు తీసి మొగని బండెక్కింది" అని బోరింగు కాడ చెప్పేది. ఆ మాట మొగులమ్మ చెవిన పడ్డప్పుడు కోపం రాలేదు. భయం వేసింది. ఎందుకంటే ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఆమె లోపల ఉంది. ఆమెకు బండి నడపడం ఇష్టం. పొద్దున ఇంటి గల్లీ దాటి రోడ్డెక్కి, మూడో గేరు పడగానే మొహానికి తగిలే ఆ గాలి ఇష్టం. గేటు దగ్గర "భాభీ ఆగయీ" అని, వదిన వచ్చిందంటూ, బిహారు కుర్రాళ్ళు లేచి నిలబడటం ఇష్టం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తను వండిన అన్నం ఎవరు తింటున్నారో ఆమె చూసింది ఇప్పుడే. ఆయన కాలు పోకపోతే ఇదేదీ తనకు లేదు. సంతోషం వేసిన ప్రతిసారీ ఆ కాలు గుర్తుకొచ్చేది. గుర్తుకు రాగానే గేరు తగ్గించేది, మెల్లగా పోతే తప్పు కొంచెం తగ్గుతుందన్నట్టు.

చెప్పులతోనే తిరిగింది. రోడ్డు మీద పారే ఆ ఫ్యాక్టరీ రంగునీళ్ళకు చెప్పుల పట్టీలు నానిపోయి తెగేవి. వేళ్ళ సందుల్లో తోలు ఊడి మంట పుట్టేది. సైలెన్సరు కాల్చింది, కిక్కు రాడ్డు ఎదురుతన్ని మడమ వాచింది. ఇదంతా తనకు జరగవలసిందే అనుకుని పసుపు రాసుకుని ఊరుకుంది. చివరకు ఒక రోజు బ్రేకు మీద కాలు జారి, బండి ఎదుటి లారీకి జానెడు దూరంలో ఆగింది. ఆ వారమే లక్ష్మీకాంతం దుకాణం మెట్లెక్కింది.

బస్తాల వెనక డబ్బా బక్కమ్మ కంటపడింది.

"ఇవెవలియే?"

"నాయే అత్తా."

బక్కమ్మ బూటును లేసు పట్టి ఎత్తుకుని పోయి, మంచం మీద ఉన్న కొడుకు ముందు పెట్టింది. "సూడు. నీకు కాలు లేదు. నీ పెండ్లానికి బూట్లు."

మొగులమ్మ ద్వారం దగ్గరే నిలబడిపోయింది. చిన్నరాములు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బూటు తిప్పి చూశాడు. లోపల చేయి పెట్టాడు, అడుగు అట్టను వంచాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"మంచి తోలే. వంచితే పలుగుత లేదు," అని తలెత్తి, "ఏసుకో, సూత్త" అన్నాడు.

ఆమె వేసుకుంది. ఆయన వంగి, పండు ఒత్తి చూసినట్టు, బూటు కొస మీద బొటనవేలితో ఒత్తాడు. "వేళ్ళు ఆడుతున్నయా?"

"ఆడుతున్నయి."

"గంతే ఉండాలె."

ఆ వేళ్ళు లేని మనిషి తన వేళ్ళ గురించి అడుగుతుంటే మొగులమ్మకు నేలలోకి దిగిపోవాలనిపించింది. కంచం విసిరి ఉంటే భరించేది. కొట్టంలోకి పోయి పొయ్యి ఊదే సాకుతో ఏడ్చింది.

అన్నం వండే కాడ తోలు తొక్కొద్దని బక్కమ్మ అంటే, వాకిట్లో తిరిగి బూట్లను కాలికి అలవాటు చేసుకుంది. మడమ బొబ్బలెక్కి, మానింది. మొదటి వానలో తడిసి వచ్చిన సాయంత్రం ఆమె చూరు కింద కూర్చుని వాటిని తుడుస్తోంది. ఆ రోజు కొత్తగా ఇంకో ఫ్యాక్టరీ వాళ్ళు క్యారేజీలు అడిగారు. చిన్నరాములు మంచి హుషారు మీద ఉన్నాడు. మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ ఆమెనే చూస్తున్నాడు. ఆమె పేపర్లు కుక్కి, బూట్లను పొయ్యికి దూరంగా, చూరు అవతలి కొసన పెట్టింది. చాలదన్నట్టు ఇంకాస్త దూరం జరిపింది.

ఆయన నవ్వాడు. "అంత దూరమెందుకే. పొయ్యి కాడ ఒక్క రాత్రి పెడితే ఏం కాదు తియ్యి. ఆ దినం నాయి గూడ మంచిగనే ఆరినయి."

మొగులమ్మ గుడ్డ పిండటం ఆపింది. "ఏ దినం?"

"గదే, బండి పడ్డ దినం. కాలు పెట్టి సూసిన గద. జెర గట్టిగ ఉండె, గంతే. ఆలస్యమయితుందని, లేసులు ఎవడు కట్టుకుంటడని చెప్పులేసుకొని పోయిన."

"మరి ఆ గీత?"

"ఏ గీత? వేళ్ళ కాడిదా? అది ఎన్నటిదో. కొన్న ఏడాదే పడ్డది. రోజు తుడుస్తుంటివి, నీకు తెల్వదా?"

తెలుసు. ఆ మాట వినగానే తెలిసింది, తనకు ముందునుంచీ తెలుసని. ప్రతి సాయంత్రం పాలిష్ గుడ్డ ఆ గీత దగ్గర ఒక్క క్షణం తట్టుకునేది. చేతులకు తెలిసిన సంగతిని ఆ పొద్దున భయం తుడిచేసింది, డాక్టరు మాట తుడిచేసింది, వరండాలో అత్త ఏడుపు తుడిచేసింది. పాత గీతను కొత్తదనుకుని, దాన్ని తనే గీశాననుకుని, రెండేళ్ళు మెతుకులు ఏరింది.

"ఈ ముచ్చట నాకు ఎన్నడు చెప్పలేదేంది?"

చిన్నరాములు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు ఎన్నడడిగినవ్?" అని ఖాళీ గ్లాసు ఆమె వైపు చాపాడు.

ఆమె గ్లాసు అందుకుంది. అలవాటు కొద్దీ కడిగి బోర్లించింది. ఆయన అబద్ధం ఆడలేదు, ఆమె అడగలేదు. అంతా అంత సులువుగా ఉంది. అయినా ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే ఆ కాలు కనిపిస్తుంది. తప్పు తనది కాదని తెలిసి ఊపిరి తేలికవుతుంటే, కాలు పోయిన మనిషి ఎదుట ఊపిరి తేలిక చేసుకుంటున్నానని మళ్ళీ ఇంకో తప్పు తగులుకుంది.

మర్నాడు బక్కమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతోంది. మొగులమ్మ పక్కన కూర్చుంది.

"అత్తా, ఆ దినం బూట్లకేం కాలేదట. ఆయననే ఏసుకోలేదట."

బక్కమ్మ వేళ్ళు ఆగలేదు. "తెలుసు."

"తెలుసా?"

"దవాఖానల తెలివికి రాంగనే చెప్పిండు. లేసులు కట్టుకుంటే కాలు దక్కుతుండె అమ్మా అని ఏడ్సిండు."

"మరి అందరి ముందర నన్నెందుకంటివి? ఇన్ని దినాలు ఎందుకంటున్నవ్?"

ముసలామె ఒక రాయి తీసి వాకిట్లోకి విసిరింది. "వాని తప్పు వాని మీదనే ఉంటే వాడు మంచంల నుంచి లేస్తుండెనా? మగోళ్ళు మొయ్యలేరు. నీ మీదేస్తే నువ్వు మోస్తవ్." కోడలి వైపు చూడకుండానే అంది, "మీ మామ మోట బాయిల పడితే, తాడు నేను సరిగ కట్టలేదన్నరు. ఆ తాడు నేను ముట్టుకోనే లేదు. మొయ్యలేదా నేను?"

అత్తను అసహ్యించుకోవాలని మొగులమ్మ ఎంత ప్రయత్నించినా, బియ్యంలో తడుముతున్న ఆ ముడతల వేళ్ళ మీది నుంచి చూపు మరలలేదు. ఎవరూ ఆ ముసలామెను ఇంతవరకూ ఆ తాడు సంగతి అడిగి ఉండరు. ఈమె మీద జాలి పడితే తన రెండేళ్ళు ఎటు పోవాలి? కొంగు దులుపుకుని లేచింది.

"నువ్వు మోసినవ్ అత్తా. నేను మొయ్య" అంది. క్షమించమని అడుగుతున్నట్టే వచ్చింది ఆ మాట. బక్కమ్మ చాట చెరిగింది.

జిన్నారం దారిలో కొత్తగా క్యారేజీలు అడిగిన ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాదారు సంగప్ప, జహీరాబాద్ దిక్కు మనిషి, గొలుసు తీస్తూ ఆమెను ఎగాదిగా చూశాడు. బండి మీద ఆడమనిషిని చూడటం ఆయనకు కొత్త.

"మీ ఆయన రాడా చెల్లె?"

"రాడన్నా. కాలు బాగలేదు. యాక్సిడెంటయింది."

"అయ్యో. ఎట్లయింది?"

ఈ ప్రశ్న ఆమెను చాలామంది అడిగారు. అడిగిన ప్రతివాళ్ళకూ ఆమె మొదట చెప్పే మాట ఒకటే, నా తప్పే అన్నా అని. ఆ తర్వాతే వాన, మలుపు, నీళ్ళు. ఇప్పుడు కూడా నాలుక ఆ మాట కోసం వెనక్కి పోయింది. క్యారేజీ కొక్కెం విప్పుతూ ఆగింది. లోపల షిఫ్టు సైరను మోగుతోంది. సంగప్ప ఎదురుచూస్తున్నాడు.

"చెప్పులేసుకొని పోయిండు" అంది.

అని, ఎవరి వస్తువో ఎత్తుకొచ్చినదానిలా ఒకసారి వెనక రోడ్డు వైపు చూసింది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.